లిస్బన్: రేవు వైపు నుంచి

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్లేవాళ్ల చేతిలో దాదాపు ఒకే జాబితా ఉంటుంది. 28వ నంబరు ట్రామ్, బెలేం బురుజు, కొండమీద కోట, దగ్గర్లోని సింత్రా ఊరి రాజభవనాలు, మధ్యలో ఎక్కడో ఒక పాస్తెల్ ద నాతా అనే కస్టర్డ్ మిఠాయి. ఒక్కోటి ఒక్కో దిక్కున ఉంటుంది. సగం సమయం క్యూల్లో, మిగతా సగం ఎత్తులెక్కడంలో అయిపోతుంది. ఫొటోలు వస్తాయి, ఊరు మాత్రం అర్థం కాదు. అందుకని ఇవాళ మీకు ఒక్క మాటే చెబుతాను, మిగతా వివరాలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. లిస్బన్ ముందు రేవు, ఆ తర్వాతే రాజధాని. నది వైపు నుంచి మొదలుపెడితే ఏది ఎక్కడ ఎందుకుందో దానంతటదే తెలుస్తుంది.

తేజు నది, ఇంగ్లీషువాళ్లు టాగస్ అంటారు, లిస్బన్ దగ్గరికొచ్చేసరికి చిన్న సముద్రమంత వెడల్పవుతుంది. అక్కణ్ణుంచి పడమరకి తిరిగి, ఇరుకు మెడలాంటి దారిలోంచి అట్లాంటిక్‌లో కలుస్తుంది. అంటే లోపల పెద్ద చెరువు, బయటికి సన్నటి తూము. తుఫాను గాలి లోపలికి రాదు, శత్రువు ఓడ తెలియకుండా దూరలేదు. ఓడలకి ఇంతకన్నా ఏం కావాలి? 1147లో పోర్చుగల్ తొలి రాజు అఫోన్సు హెన్రిక్స్ ఈ ఊరిని మూర్లు అనే ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నది కూడా ఓడల్లో వచ్చిన క్రూసేడర్ల సాయంతోనే. 1255లో రాజధాని కొయింబ్రా నుంచి ఇక్కడికి మారింది.

పాత లిస్బన్‌ని మూడు ముక్కలుగా గుర్తుపెట్టుకోండి. ఓడలు బయల్దేరిన చోటు బెలేం, ఊరి నడిబొడ్డుకి పడమరగా ఆరు కిలోమీటర్లు. సరుకు దిగి లెక్కతేలిన చోటు తెరేరు దు పాసు, ఇప్పటి కొమేర్సియు చౌకు. ఆ రేవు మీద బతికినవాళ్ల ఇళ్లు అల్ఫామా, కోట కింద. ఈ మూడింటినీ ఒకే రోజులో కుక్కకండి. బెలేంకి ఒక పూట పూర్తిగా కావాలి.

బెలేంతో మొదలుపెడదాం. వాస్కో డ గామా 1497 జూలై 8న ఇక్కణ్ణుంచి బయల్దేరి, 1498 మే 20న కాలికట్ దగ్గర దిగాడు. ఊళ్లోంచే ఎందుకు బయల్దేరలేదంటే, తెరచాప ఓడకి గాలి కావాలి, పోటు తిరిగి నీరు సముద్రం వైపు లాగాలి. ఆ రెండూ కలిసే దాకా ఓడలు నది నోటికి దగ్గర్లో లంగరేసి ఆగేవి. ఆ ఆగే చోటే బెలేం. నావికులు ప్రార్థన చేసుకునే చిన్న గుడి ఉన్న చోట మనుయెల్ రాజు 1501లో జెరోనిముస్ మఠం మొదలుపెట్టాడు. కట్టడానికి వంద సంవత్సరాల దాకా పట్టింది. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా వినండి: ఆఫ్రికా, తూర్పు దేశాల వ్యాపారం మీద వేసిన ఐదు శాతం పన్ను. తూర్పు వ్యాపారం మీద లేచిన రాళ్లవి.

మఠానికి వెళ్లినవాళ్లు రెండు విషయాల్లో పొరబడతారు. చర్చి వేరు, మఠం లోపలి మండపం వేరు. చర్చిలోకి టికెట్ లేదు, మండపానికి ఉంది. క్యూలు కూడా వేర్వేరు. టికెట్ చేతిలో ఉండి చర్చి క్యూలో గంటసేపు నిలబడేవాళ్లు రోజూ కనిపిస్తారు. టికెట్ ఆన్‌లైన్‌లో టైముతో తీసుకోండి, తెరిచే వేళకే వెళ్లండి. ఇంకొకటి, సోమవారం మూసేస్తారు. లిస్బన్‌లో ప్రభుత్వ మ్యూజియాలు చాలామటుకు సోమవారం సెలవే.

చర్చిలోకి అడుగుపెట్టగానే ఎడమ పక్క వాస్కో డ గామా సమాధి, కుడి పక్క కవి కమోయిష్ సమాధి. గామా 1524లో కొచ్చిలో పోయాడు, మొదట అక్కడే పాతిపెట్టారు. 1539లో అస్థికలు పోర్చుగల్ చేరాయి, ఈ చర్చికి వచ్చింది మాత్రం 1880లోనే. అందరూ ఈ రెండింటికీ ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. మీరు ఇంకాస్త ముందుకి, గర్భగుడి లాంటి ఆ చివరి భాగం దాకా నడవండి. అక్కడ రాజుల శవపేటికలు పాలరాతి ఏనుగుల వీపుల మీద ఉంటాయి. ఐరోపా రాజు సమాధిని ఏనుగు మోయడమేమిటి? ఆ రాజ్యం దేని మీద నిలబడిందో శిల్పి దాచలేదంతే. తల పైకెత్తి స్తంభాలు కూడా చూడండి. ఈతచెట్టు బోదెల్లా సన్నగా లేచి పైన కొమ్మలుగా విడిపోతాయి. 1755 భూకంపంలో ఊరంతా కూలినా ఈ కప్పు నిలిచింది.

మఠం నుంచి బురుజుకి వెళ్లేటప్పుడు చాలామంది తికమకపడతారు. కళ్లముందు నది కనిపిస్తుంటుంది, కానీ దాటడానికి దారి ఉండదు. మధ్యలో వెడల్పు రోడ్డు, కష్‌కైష్ రైలు పట్టాలు. తోట దాటాక ఒక సొరంగ నడకదారి ఉంది, దాంట్లోంచి అవతలికి వెళ్లాలి. ఈ అడ్డం పాతకాలంలో లేదు. మఠం అప్పట్లో నది ఒడ్డునే ఉండేది, తర్వాత నదిని పూడ్చి నేల చేశారు. బురుజు సంగతీ అంతే. 1510ల్లో కట్టినప్పుడు దాని చుట్టూ నీళ్లు, ఇప్పుడు ఒడ్డుకి అతుక్కుపోయింది. ఇది మనసులో పెట్టుకుని చూస్తే ఆ కట్టడం ఎందుకంత ముందుకి పొడుచుకుని ఉందో అర్థమవుతుంది: లోపలికొచ్చే ప్రతి ఓడ దాని ఫిరంగుల ముందు నుంచి పోవాలి.

బురుజు లోపలికి ఎక్కాలా వద్దా? నా అభిప్రాయం, బయటి నుంచి చూస్తే చాలు. లోపల మెట్లు ఇరుకు, ఒక వైపు నుంచి జనం దిగితేనే ఇంకో వైపువాళ్లు ఎక్కగలరు. మరమ్మతుల కోసం ఈమధ్య చాలాకాలం మూసి ఉంచారు కూడా, కాబట్టి ఎటూ ముందే చూసుకోవాలి. బయటి నుంచే ఒక వింత చూపిస్తాను. పడమటి వైపు, నది మీదికి పొడుచుకొచ్చిన చిన్న గుమ్మటం అడుగున, వానకీ ఉప్పుగాలికీ అరిగిన ఒక జంతువు తల ఉంటుంది. అది ఖడ్గమృగం. గుజరాత్ సుల్తాను ఇచ్చిన ఖడ్గమృగాన్ని పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్ గోవా నుంచి మనుయెల్ రాజుకి పంపించాడు. 1515 మేలో అది లిస్బన్‌లో దిగింది. రోమన్ల కాలం తర్వాత ఐరోపా నేల మీద బతికున్న ఖడ్గమృగం కనిపించడం అదే మొదలు. జర్మనీలో చిత్రకారుడు డ్యూరర్ దాన్ని చూడకుండానే, ఎవరో గీసి పంపిన బొమ్మ, రాసిన వివరం చూసి చెక్కిన చిత్రం ప్రపంచమంతా తిరిగింది. ఇక్కడి రాతి తల మాత్రం మూలకి పడి ఉంది, తెలిసినవాళ్లే వెతికి చూస్తారు.

రేవు ఒడ్డునే ఉన్న పెద్ద నావికుల స్మారకం పాతది కాదు, 1960లో కట్టింది, సలజార్ నియంతృత్వపు రోజుల్లో. అప్పటికి గోవా ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది, మరుసటి ఏడాది పోయింది. ముందు నేల మీద పాలరాతిలో పరిచిన ప్రపంచ పటం ఉంటుంది, ఏ తీరానికి ఏ ఏడు చేరారో రాసి. అందులో బానిసల లెక్క లేదు. అది కూడా ఈ రేవులో దిగిన సరుకే కదా, ఆ మాట రాతి మీద లేకపోయినా చూసేవాళ్ల మనసులో ఉండాలి. మన వైపు సంబంధం కూడా ఇక్కడే ముడిపడుతుంది. కృష్ణదేవరాయల విజయనగరాన్ని కళ్లారా చూసి రాసిన డొమింగో పేస్, కొన్నేళ్లకి రాసిన న్యూనిజ్, ఇద్దరూ ఈ దేశపువాళ్లే. రాయలవారికి గుర్రాలు, వీళ్లకి ఆ గుర్రాల వ్యాపారంలో గోవా రేవు మీద పట్టు, ఆ అవసరమే వాళ్లని హంపీ దాకా తీసుకెళ్లింది.

బెలేంకి ఎలా వెళ్లాలి? 15వ నంబరు ట్రామ్ అందరికీ తెలుసు, అందుకే అది కిక్కిరిసి ఉంటుంది, జేబుదొంగలకీ తెలుసు. కైష్ దు సుద్రే స్టేషన్ నుంచి కష్‌కైష్ లైను రైలెక్కితే పది నిమిషాల్లోపు బెలేంలో దిగొచ్చు. అయితే వేగంగా పోయే రైళ్లు బెలేంలో ఆగవు. ఎక్కేముందు బోర్డు మీద ఆగే స్టేషన్ల పేర్లు చూడండి, లేకపోతే బీచి ఊళ్ల దాకా పోయి వెనక్కి రావాలి.

ఇప్పుడు నడిబొడ్డు. తెరేరు దు పాసు, మూడు వైపులా పసుపు వసారాలు, నాలుగో వైపు నది. 1755కి ముందు ఇక్కడ రాజభవనం ఉండేది, దానికి ఆనుకునే భారతదేశపు వ్యాపారాన్ని చూసే కచేరీ, గోదాములు. రాజు తన కిటికీలోంచి మిరియాల బస్తాలు దిగడం చూడగలిగేవాడంటే ఆ రాజ్యం తీరు ఊహించుకోండి. 1755 నవంబరు 1, సకల పునీతుల పండుగ, పొద్దున తొమ్మిదిన్నర దాటింది. జనమంతా చర్చిల్లో, ప్రతి పీఠం మీదా కొవ్వొత్తులు. భూమి కదిలింది. బతికినవాళ్లు కూలే ఇళ్లకి దూరంగా నది ఒడ్డు ఖాళీ జాగాకి పరుగెత్తారు. నీరు వెనక్కి పోయి నది అడుగు బయటపడింది, కాసేపటికి అలలు లేచి ఒడ్డు మీద పడ్డాయి. కూలిన చర్చిల కొవ్వొత్తుల నుంచి, వంటిళ్ల నుంచి అంటుకున్న మంట రోజుల తరబడి ఆరలేదు. కచేరీ దస్తావేజులు, రాజు గ్రంథాలయం బూడిదయ్యాయి.

తిరిగి కట్టింది రాజు మంత్రి పొంబాల్ ప్రభువు ఆధ్వర్యంలో సైనిక ఇంజినీర్లు. మానుయెల్ ద మాయా, యుజేనియు దుష్ సాంతుష్, కార్లుష్ మార్దెల్. వీళ్లు చేసిన పని నిజంగా చూడదగ్గది, కానీ పైకి కనపడదు, గోడలోపల ఉంటుంది. రాతిగోడ నడుమ చెక్కతో ఒక పంజరం పెట్టారు: నిలువు కర్రలు, అడ్డు కర్రలు, ప్రతి గడిలోనూ ఇంటూ గుర్తులా రెండు ఏటవాలు కర్రలు. నేల ఊగినప్పుడు రాయి పగిలి రాలినా పంజరం వంగి నిలబడుతుంది, ఇల్లు మనిషి మీద పడదు. నమూనా కట్టి, చుట్టూ సైనికుల చేత కవాతు చేయించి ఊపి చూశారని చెబుతారు. భూకంపాన్ని దృష్టిలో పెట్టుకుని ఒక పెద్ద ఊరిని ఇలా కట్టిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

అదొక్కటే కాదు. ఈ లోతట్టు ప్రాంతం, బైషా అంటారు, పాత వాగు పల్లంలో ఉంది, నేల మెత్తన. అందుకని పునాదుల కింద వేల పైన్ చెట్ల గుంజలు దిగ్గొట్టారు. ఆ గుంజలు నీటిలో మునిగి ఉన్నంతకాలం చెక్కుచెదరవు. భూగర్భ నీటిమట్టం పడిపోయి గాలి తగిలితే పుచ్చుతాయి. అంటే ఈ వీధుల కింద నీరుండటమే క్షేమం. కోరెయిరుష్ వీధిలో ఒక బ్యాంకు భవనం అడుగున తవ్వకాలు జరిపి, ఆ గుంజలనీ, వాటికింద రోమన్ల కాలపు చేపలు ఊరవేసే తొట్లనీ అలాగే ఉంచి చూపిస్తారు. ఉచితం, కానీ గైడుతోనే, ముందు పేరు రాయించుకోవాలి. లిస్బన్‌లో ఒకే ఒక్కచోటు లోపలికి వెళ్లమంటే నేను ఇదే చెబుతాను, కోట కాదు.

పంజరం బయటికి కనపడదన్నాను కదా, నిప్పుకి చేసిన ఏర్పాటు మాత్రం కనిపిస్తుంది. అగూష్త వీధి కమాను పైకెక్కండి, టికెట్ ఉంటుంది, లిఫ్టు ఉంది, చివర కొన్ని మెట్లు. పైనుంచి పెంకు కప్పుల్ని చూస్తే, ఇంటికీ ఇంటికీ మధ్య గోడ కప్పుని దాటి పైకి లేచి ఉంటుంది. ఒక ఇల్లంటుకుంటే పక్కింటికి పాకకూడదని. తర్వాతి కాలంలో దుకాణాల కోసం కింది అంతస్తుల్లో గోడలు తీసేసిన చోట్ల పంజరం కూడా తెగింది, అది ఇక్కడి ఇంజినీర్లకి ఇవాళ్టికీ దిగులే.

వీధుల పేర్లు వ్యాపారాలని బట్టే పెట్టారు: బంగారం వీధి, వెండి వీధి, చెప్పులవాళ్లది, బట్టలవాళ్లది. ఇప్పుడు అన్నింట్లోనూ అయస్కాంతం బొమ్మలే అమ్ముతున్నారనుకోండి.

చౌకు నది అంచున రెండు స్తంభాల మధ్య నీళ్లలోకి దిగే మెట్లుంటాయి. ఆటులో కింది మెట్లు బయటపడతాయి, వాటి మీద నాచు. ఫొటో కోసం దిగి జారిపడటం అక్కడ మామూలు. తడి ఆరిన తెల్ల మెట్టు దాటి కిందికి దిగకండి.

రోసియు చౌకు పక్కన సాంతు దొమింగుష్ చర్చి ఉంది, పుస్తకాల్లో రెండు లైన్లకి మించి రాయరు. 1506లో ఇక్కడ మొదలైన మూకదాడిలో యూదుల నుంచి మతం మార్చుకున్నవాళ్లని వేలల్లో చంపారు. బయట చిన్న చౌకులో స్మారక రాయి ఉంది. 1959లో లోపల నిప్పంటుకుంది. మళ్లీ తెరిచినప్పుడు కప్పు మాత్రం వేసి, కాలి పెచ్చులూడిన స్తంభాల్ని అలాగే వదిలేశారు. చెయ్యి పెట్టి చూడండి, రాయి పొరలు పొరలుగా లేచి ఉంటుంది.

ఇక ఎత్తుల సంగతి. లిస్బన్‌లో నియమం ఒక్కటే: యంత్రంతో ఎక్కు, కాలినడకన దిగు. కోటకి వెళ్లాలంటే బైషాలో ఫాంకెయిరుష్ వీధిలో ఒక మామూలు భవనం గుమ్మంలోంచి ఉచిత లిఫ్టు ఉంది. అది పై వీధిలో దింపుతుంది. ఎదుటి చిన్న చౌకు దాటి నడిస్తే పాత మార్కెట్ భవనంలో, కింద సూపర్‌మార్కెట్ ఉంటుంది, రెండో లిఫ్టు. అక్కడ దిగితే కోట గోడ దగ్గరికి కొద్ది నడకే. అటువైపు గుట్ట మీది షియాదు పేటకి ఎక్కాలంటే బైషా-షియాదు మెట్రో స్టేషన్‌లో కింది వీధి ద్వారంలో దూరి, గేట్లు దాటకుండా, ఎస్కలేటర్ల మీద పై చౌకులో తేలొచ్చు. పైసా ఖర్చు లేదు. 1902 నాటి సాంత జుష్త ఇనుప లిఫ్టు కోసం గంట క్యూ ఎవరైనా కడుతుంటే వాళ్ల ఇష్టం. దాని పై వంతెన వైపుకి కార్మో మఠం వెనకనుంచి నడిచే వెళ్లొచ్చు. కార్మో మఠం మాత్రం వదలొద్దు, భూకంపంలో కప్పు పోయిన చర్చి, ఆకాశం కిందే కమానులు. 1974 ఏప్రిల్ 25న సైన్యం తిరగబడినప్పుడు సలజార్ వారసుడు కైతాను దాక్కున్న సైనిక కచేరీ ఆ చౌకులోనే ఉంది, అక్కడే లొంగిపోయాడు.

పట్టాల మీద ఎక్కే పాత ఫునిక్యులర్ల మీద ప్లాన్ వేసుకోకండి. 2025 సెప్టెంబరు 3న గ్లోరియా ఫునిక్యులర్ పట్టాలు తప్పి 16 మంది చనిపోయారు. రెండు పెట్టెలూ ఒకే తీగకి ఇరువైపులా వేలాడుతూ ఒకదాని బరువు ఇంకొకటి మోస్తాయి. తీగ పెట్టెకి తగిలించిన చోట ఊడింది, ఆ ఏటవాలులో బ్రేకులు ఆపలేకపోయాయి. ఆ తర్వాత మిగతావాటినీ తనిఖీ కోసం ఆపేశారు. వెళ్లేముందు ఏది నడుస్తోందో చూసుకోండి.

28వ నంబరు ట్రామ్ ఎక్కాలనే ఉంటుంది, ఎక్కండి, కానీ అందరూ క్యూ కట్టే మార్తిం మునీజ్ దగ్గర కాదు. ఇంకో కొస, ప్రజేరష్ శ్మశానం ముందు నుంచి పొద్దున ఎనిమిదికల్లా ఎక్కండి. సీటు దొరుకుతుంది. ఇంత పాత బండ్లు ఇంకా ఎందుకు నడుస్తున్నాయంటే మోజుకోసం కాదు. పట్టాల వెడల్పు 900 మిల్లీమీటర్లే, మలుపులు ఇళ్ల గోడలు రాసుకునేంత ఇరుకు, ఎక్కుడు నూటికి 13 అడుగుల పైన. పొడుగాటి కొత్త ట్రామ్ ఆ మలుపు తిరగదు. పొట్టి నాలుగు చక్రాల బండే తిరుగుతుంది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకండి, కొన్నిచోట్ల గోడ జానెడు దూరంలో ఉంటుంది. బ్యాగు ముందుకి వేసుకోండి, ఫోను వెనక జేబులో అసలు పెట్టకండి.

టికెట్ల విషయం. మెట్రోలో యంత్రం దగ్గర నావెగాంత్ అనే కాగితపు కార్డు అర యూరోకి వస్తుంది. మనిషికొక కార్డు, ఇద్దరు ఒకదాని మీద పోలేరు. దాంట్లో డబ్బు వేసుకుంటే దాన్ని జాపింగ్ అంటారు, మెట్రోకీ ట్రామ్‌కీ పడవకీ లోకల్ రైలుకీ పనికొస్తుంది. లేదా 24 గంటల టికెట్ వేసుకోవచ్చు, సుమారు 7 యూరోలు. 24 గంటలు మొదటిసారి తాకించినప్పటి నుంచి లెక్క, అర్ధరాత్రితో అయిపోదు. తరచూ జరిగే పొరపాటు: ఒకే కార్డులో రెండు రకాలూ వేయబోతే యంత్రం ఒప్పుకోదు, జనం కార్డు పాడైందనుకుంటారు. ఒక రకం పూర్తిగా అయిపోవాలి, లేదా రెండో కార్డు కొనాలి. ట్రామ్‌లో డ్రైవర్ దగ్గర డబ్బిచ్చి కొంటే దాదాపు రెట్టింపు పడుతుంది.

అల్ఫామాకి ప్లాన్ అక్కర్లేదు. పైన సాంత లూజియా గట్టు దగ్గర మొదలెట్టి నీటి వైపుకి దిగండి, ఏ సందు పట్టుకున్నా కింద నదే. ఆ గట్టు చర్చి గోడ మీద నీలి పలకల్లో భూకంపానికి ముందు తెరేరు దు పాసు చౌకు ఎలా ఉండేదో గీసి ఉంది, దిగేముందు అది చూసి దిగండి. అల్ఫామా కిందే క్రూయిజ్ ఓడల టెర్మినల్. ఓడ వచ్చిన రోజున పది నుంచి నాలుగు దాకా ఆ సందుల్లో అడుగుపెట్టలేరు. ఏ రోజు ఏ ఓడ వస్తుందో రేవు అధికారుల సైట్‌లో ముందే ఉంటుంది. పెద్ద ఓడలు రెండు మూడున్న రోజున మీరు వేరే వైపుకి పోండి. సోమవారం మ్యూజియాలు మూసి ఉంటాయని అందరూ సింత్రాకి పోతారు, కాబట్టి సింత్రాకి మంగళవారమో బుధవారమో మంచిది. రోసియు నుంచి నలభై నిమిషాల రైలు, పేనా భవనానికి టైము టికెట్ ఇంట్లోనే తీసుకోండి.

చెప్పులు... ఇది నవ్వులాట కాదు. ఫుట్‌పాత్‌లన్నీ తెల్ల సున్నపురాయి, నల్ల బసాల్టు చిన్న ముక్కలతో పరిచినవి. వందేళ్లుగా కాళ్ల కింద నునుపుదేలి, చినుకు పడితే సబ్బుపూసినట్టు ఉంటాయి. రబ్బరు అడుగున్న బూట్లే. చీరలో, పట్టులేని చెప్పుల్లో దిగుడు వీధి దిగకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలు, పాత ఇళ్లలో వెచ్చదనం ఏర్పాటు సరిగా ఉండదు, గది తీసుకునేటప్పుడు అడగండి. ఏప్రిల్, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు బాగుంటాయి.

తిండి. శాకాహారులు జాగ్రత్త పడాల్సింది మాంసం కనిపించే చోట కాదు, కనిపించని చోట. ఆకుకూర సూపు కాల్దు వెర్ద్‌లో ఒక సాసేజ్ ముక్క తేలుతుంది, ముక్క తీసేసినా రుచి దిగిపోయే ఉంటుంది. ప్రతి కాఫీ కొట్లో సమోసా కనిపిస్తుంది, షముసా అంటారు, గోవా, మొజాంబిక్ మీదుగా వచ్చిందే, లోపల ఎక్కువగా మాంసమే. ‘తెం కార్న?’ అని అడగండి, మాంసం ఉందా అని. చేప సంగతి విడిగా ‘తెం పైష్?’ అని అడగాలి, వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు. పాస్తెల్ ద నాతాలో గుడ్డు పచ్చసొనే ప్రధానం. బీన్స్ కాయలు పిండిలో ముంచి వేయించిన ‘తోట చేపలు’ అని ఒకటి దొరుకుతుంది, పేరుకే చేప, పిండిలో గుడ్డు ఉండొచ్చు. ఊరికి ఉత్తరాన తెల్యెయిరష్ దగ్గర రాధాకృష్ణ మందిరం ఉంది, మొజాంబిక్ నుంచి వచ్చిన గుజరాతీలు కట్టుకున్నది. అక్కడి భోజనశాల శాకాహారం, బయటివాళ్లూ తినొచ్చు. బియ్యం, కందిపప్పు, పచ్చిమిరపకాయలు మార్తిం మునీజ్ చుట్టూ దొరుకుతాయి.

కూర్చోగానే బల్ల మీద రొట్టె, ఆలివ్‌లు, జున్ను పెట్టేస్తారు. అది ఉచితం కాదు. ముట్టకపోతే డబ్బు తీసుకోకూడదని అక్కడి చట్టం. వద్దనుకుంటే వెంటనే వెనక్కి పంపేయండి. మధ్యాహ్నం మూడు దాటితే చాలాచోట్ల వంటిల్లు మూస్తారు, మళ్లీ ఏడు, ఏడున్నరకే.

వీసా గురించి చీటీలొచ్చాయి, త్వరగా చెప్పేస్తాను. షెంగెన్ వీసా, అంటే చాలా ఐరోపా దేశాలకి కలిపి ఒకటే వీసా, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు దాకా దరఖాస్తు. పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45, సర్వీసు ఛార్జీ వేరు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో పారిస్‌లోనో విమానం మారితే ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది, లిస్బన్‌లో కాదు. ఇప్పుడు వేలిముద్రలు, ఫొటో కూడా తీసుకుంటున్నారు కాబట్టి గంటన్నర వ్యవధి టికెట్ కొనకండి, మూడు గంటలైనా పెట్టుకోండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. టికెట్, బీమా, హోటల్ కాగితం మూడింట్లోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. హోటల్‌లో మనిషికి రాత్రికి 4 యూరోల నగర పన్ను, ఏడు రాత్రుల దాకా, పదమూడేళ్లలోపు పిల్లలకి లేదు. గది అద్దెలో అది కలిసి ఉందో లేదో అడగండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, సన్నటి రెండు పిన్నులది పడుతుంది.

ఒక అమ్మగారు అడిగారు, అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాం, ఇద్దరికీ మోకాళ్లు, ఒక్క రోజే ఉంటే ఏం చూపించాలి అని. ఇలా చేయండమ్మా. పొద్దున రైల్లో బెలేం, మఠం, చర్చిలో కూర్చోవడానికి బల్లలుంటాయి. అక్కణ్ణుంచి బురుజు దూరం నడిపించకండి, టాక్సీ తీసుకుని దూరంనుంచి చూపించి, అదే టాక్సీలో తెరేరు దు పాసు. భోజనం బైషాలోనే చేయండి, అక్కడ నేల చదును. మధ్యాహ్నం కమాను ఎక్కించొద్దు, చివరి మెట్లు ఇరుకు. నాలుగున్నరకి కైష్ దు సుద్రే నుంచి నది అవతలి ఒడ్డున ఉన్న కసీలియష్‌కి పోయే పడవ ఎక్కించండి, రెండు యూరోల లోపు, పది నిమిషాలు, జాపింగ్ కార్డే చాలు. వెళ్లేటప్పుడు వెనక వైపు, వచ్చేటప్పుడు ముందు వైపు కూర్చోబెట్టండి. కోట, అల్ఫామా, చౌకు, పడమర వంతెన, అన్నీ ఒక్క మెట్టు ఎక్కకుండా కనిపిస్తాయి. ఆఫీసులు వదిలే ఆరు గంటల వేళకి ముందే తిరిగొచ్చేయండి, ఆ తర్వాత పడవలో సీట్లు దొరకవు.